చూపించడానికే కట్టిన ఇల్లు: కెడిల్‌స్టన్ హాల్, దాని పార్కు

ఇంగ్లండ్‌లోని డార్బీ నగరానికి వాయవ్యంగా కొద్ది మైళ్ల దూరంలో కెడిల్‌స్టన్ హాల్ ఉంది. 1759లో ఈ ఇంటి పని మొదలైంది. లోపలి పనులు ఇంకా సాగుతుండగానే, 1769లో, ఏ గదిలో ఏ పెయింటింగ్ ఉందో, ఏ శిల్పం ఉందో చెప్పే కేటలాగ్ ఒకటి అచ్చయింది. అది ఇంటివాళ్ల కోసం కాదు, చూడటానికి వచ్చే ముక్కూ మొహం తెలియని జనం కోసం. అలా వచ్చినవాళ్లు దిగడానికి ఎస్టేటు దగ్గర్లోనే ఒక ఇన్, అంటే బస చేసే సత్రం కూడా కట్టించారు.

కాబట్టి ఒకప్పుడు దొరల కుటుంబం కాపురం చేసిన భవనాన్ని ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తున్నారనుకుంటే కెడిల్‌స్టన్ సగమే అర్థమవుతుంది. సందర్శకుడు ఈ ఇంటికి కొత్తగా వచ్చినవాడు కాదు. అతను ఎటు నుంచి వస్తాడు, మొదట ఏం చూస్తాడు, ఏ గది తర్వాత ఏ గదిలోకి అడుగు పెడతాడు, అతని కంటికి ఏం కనపడకూడదు అన్నదంతా ప్లాన్ గీసిన రోజునే ఆలోచించి పెట్టారు. ఆ ఆలోచనను పట్టుకుని చూస్తే ఇల్లూ పార్కూ రెండూ ఒకే పనిగా కనిపిస్తాయి.

బ్రిటన్‌ను 1714 నుంచి 1830 వరకు వరసగా నలుగురు జార్జ్ రాజులు ఏలారు. ఆ కాలపు కట్టడాలనే జార్జియన్ అంటారు. ఇటలీలో రెండు వందల ఏళ్ల ముందు పలాడియో అనే వాస్తుశిల్పి ప్రాచీన రోమ్ కట్టడాలను కొలిచి, చదివి తయారుచేసుకున్న పద్ధతి ఇంగ్లిష్ భూస్వాములకు బాగా నచ్చింది. కుర్రాళ్లను ఇటలీ పంపడం, వాళ్లు తిరిగొచ్చి ఊళ్లో స్తంభాల భవనం కట్టుకోవడం ఆనాటి డబ్బున్న ఇళ్లలో మామూలే.

కర్జన్ కుటుంబానికి కెడిల్‌స్టన్‌లో ఎన్నో శతాబ్దాలుగా భూములున్నాయి. 1758లో ఆస్తి చేతికొచ్చిన నథానియల్ కర్జన్, 1700 ప్రాంతంలో కట్టిన పాత ఇంటిని పడగొట్టించాడు. దానికి గట్టి కారణమే ఉంది. అదే డార్బీషైర్‌లో డెవన్‌షైర్ డ్యూకుల చాట్స్‌వర్త్ భవనం ఉంది. ఆనాటి బ్రిటన్‌లో ఒకదానికొకటి పోటీపడే రెండు పక్షాల్లో వాళ్లు విగ్ పార్టీ, కర్జన్‌లు టోరీలు. జిల్లాలో పరపతి ఎవరిదో చూసేవాళ్లకు తెలియాలంటే దాన్ని రాతిలో కట్టి చూపించాలి. 1761లో నథానియల్‌కు బ్యారన్ స్కార్స్‌డేల్ అనే బిరుదు వచ్చింది. అప్పటికి ఇంటి పని జోరుగా సాగుతోంది.

ఈ పనికి వాస్తుశిల్పులు ముగ్గురు మారారు. మాథ్యూ బ్రెటింగమ్ మొదలుపెట్టాడు, జేమ్స్ పెయిన్ కొంత నడిపాడు. ఇటలీ నుంచి అప్పుడే తిరిగొచ్చిన రాబర్ట్ ఆడమ్‌ను మొదట పార్కులో చిన్న చిన్న కట్టడాల కోసం పెట్టుకున్నారు. తర్వాత ఇల్లు మొత్తం అతని చేతికే వచ్చింది. అనుకున్న ప్లాన్ ప్రకారం మధ్యలో పెద్ద భవనం, నాలుగు మూలలా నాలుగు చిన్న భవనాలు, వాటిని కలుపుతూ వంపు తిరిగిన నడవాలు ఉండాలి. ఉత్తరం వైపు రెండే కట్టారు. దక్షిణం వైపు రెండూ కాగితం మీదే ఉండిపోయాయి.

పార్కుతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి. చాలామంది కారు దిగగానే నేరుగా ఇంట్లోకి వెళ్లి, ఓపిక మిగిలితే బయట నాలుగు అడుగులు వేస్తారు. దానివల్ల జరిగే నష్టం పెద్దది. ఇంటిని కట్టినవాళ్లు దాన్ని దూరం నుంచి, నీళ్ల అవతల నుంచి, కాసేపు కనపడీ కాసేపు చెట్ల మాటున దాగీ మెల్లగా చేరుకోవాలని అనుకున్నారు. అది గుర్రబ్బండి వేగానికి కుదిరిన దారి. ఇప్పుడు ఆ వేగం కాలినడకతోనే వస్తుంది.

దాదాపు 800 ఎకరాల ఈ పార్కు చూడటానికి పూర్తిగా సహజంగా ఉంటుంది. అసలు సంగతి వేరు. కట్లర్ బ్రూక్ అనే చిన్న వాగుకు అడ్డుకట్టలు వేసి, గొలుసుకట్టుగా చెరువులు చేసి, దూరం నుంచి చూస్తే వెడల్పాటి నది పారుతున్నట్టు అనిపించేలా గట్లను వంకర్లు తిప్పారు. ఒక్క ఎకరాకూ నీళ్లు పారించడానికి కాదు, కేవలం కంటి కోసం చేసిన పని ఇది. ఆ నీళ్ల మీద 1770ల మొదట్లో ఆడమ్ గీసిన మూడు కమానుల రాతి వంతెన కట్టారు. వంతెన దగ్గర నీరు మెట్లు మెట్లుగా కిందికి దూకుతుంది. ఉత్తరం నుంచి వచ్చే బండి ఆ వంతెన ఎక్కినప్పుడు ఎదురుగా పచ్చిక వాలు, దాని మీద ఆరు స్తంభాల ముఖమండపంతో ఇల్లు కనిపిస్తాయి.

చెరువు గట్టున చేపల మంటపం ఒకటుంది. చిన్న కట్టడమే కానీ నిలబడి చూడదగ్గది. పై గది లోపల గోడలకు చేపల పెయింటింగులు ఉన్నాయి. నీళ్ల వైపు పెద్ద కిటికీ. ఆడవాళ్లు ఎండ తగలకుండా ఆ కిటికీలోంచే గాలం వేసుకునేలా కట్టారు. కింద చన్నీటి స్నానపు తొట్టి, అటూ ఇటూ పడవలు పెట్టుకునే గదులు. చేపలు పట్టడం, స్నానం, పడవ షికారు మూడూ ఒక్క కప్పు కింద అమర్చి, దూరానికి మాత్రం చిన్న గుడి లాంటి అందమైన ముఖం పెట్టారు. ఆడమ్ తెలివి పెద్ద హాలు కన్నా ఇక్కడే బాగా కనపడుతుంది.

ఇంటి ముందు పచ్చికలో గొర్రెలు మేస్తుంటాయి. అవి తోటలోకి రావు, మధ్యలో కంచె కూడా కనపడదు. కారణం హా-హా అనే ఏర్పాటు. ఒక వైపు నిట్టనిలువు గోడ, రెండో వైపు వాలుగా ఉండే కందకం తవ్వుతారు. గోడ పైఅంచు తోట నేలకు సమానంగా ఉంటుంది. తోటలోంచి చూస్తే పచ్చిక ఆగకుండా కొండ దాకా సాగిపోయినట్టే ఉంటుంది. గొర్రె వైపు నుంచి చూస్తే మాత్రం దాటలేని గోడ. యజమాని భూమికి హద్దే లేదన్న భ్రమ కల్పించడానికి జార్జియన్ కాలంలో దీన్ని విరివిగా వాడారు.

హద్దు కనపడకుండా చేసినట్టే ఊరు కూడా కనపడకుండా చేశారు. పాత కెడిల్‌స్టన్ గ్రామం చర్చి చుట్టూ, అంటే ఇప్పుడు ఇల్లున్న చోటికి ఆనుకునే ఉండేది. కొత్త ఇంటి నుంచి చూసే దృశ్యానికి అడ్డమని ఆ గ్రామాన్ని అక్కడి నుంచి తీసేసి దూరంగా మళ్లీ కట్టారు. జనం నడిచే రహదారిని కూడా పక్కకు మళ్లించారు. మధ్యయుగాల నాటి చర్చి ఒక్కటి మిగిలింది. ఊరు లేకుండా, భవనం పక్కన ఒంటరిగా చర్చి ఎందుకుందో తెలియక చాలామంది దాన్ని ఇంటి సొంత ప్రార్థనాలయం అనుకుంటారు. ఆ పచ్చికలో ఇళ్లు, పెరళ్లు, కాలిబాటలు ఉండేవి. పార్కు అందంగా లేదని కాదు. ఆ అందానికి ఎవరు తావిచ్చి తప్పుకున్నారో కూడా చూసేవాళ్లకు తెలియాలి.

పార్కులో ఇంటికన్నా చాలా పాతవి ఓక్ చెట్లు. కొన్ని శతాబ్దాల వయసున్న మానులు బోలుపడి, కొమ్మలు విరిగి నిలబడి ఉంటాయి. వాటిని కొట్టేయరు, ఎండిన కొమ్మల్ని ఏరేయరు. ఆ పుచ్చిన చెక్కలోనే బతికే అరుదైన పురుగులున్నాయి కాబట్టి ఈ పార్కుకు శాస్త్రీయ ప్రాధాన్యమున్న ప్రదేశంగా చట్టపరమైన రక్షణ ఉంది.

ఇక ఇల్లు. ముఖమండపం దాటగానే మార్బుల్ హాల్. 40 అడుగుల ఎత్తు, చుట్టూ ఆలబాస్టర్ అనే మెత్తటి రాతితో చేసిన 20 స్తంభాలు. ఒక్కొక్కటీ దాదాపు 25 అడుగులు. ఈ రాయి ఇటలీ నుంచి రాలేదు, పక్కనున్న నాటింగమ్‌షైర్‌లో తీసిందే. దగ్గరికెళ్లి చూస్తే లేత రంగు మీద గులాబీ, ఎరుపు చారలు మాంసంలో నరాల్లా పాకి ఉంటాయి. ఏ రెండు స్తంభాలూ ఒకేలా ఉండవు. గోడలకు కిటికీలు లేవు, వెలుతురంతా పైకప్పులోంచే దిగుతుంది. మబ్బు కదిలినప్పుడల్లా స్తంభాల రంగు మారుతుంది. ప్రాచీన రోమన్ భవనాల్లో పైన తెరిచి ఉండే నడిమి వాకిలిని మనసులో పెట్టుకుని గీసిన హాలు ఇది. ఇంగ్లండ్ చలికి పైన తెరిచి పెట్టలేరు కాబట్టి అద్దాలు వేశారు.

హాలుకు వెనుక, అదే వరుసలో, సెలూన్ అనే గుండ్రటి గది ఉంది. వ్యాసం 42 అడుగులు, గుమ్మటం నడినెత్తి దాకా 62 అడుగులు. రోమ్‌లోని పాంథియన్ అనే ప్రాచీన గుమ్మటపు గుడికి ఇది చిన్న రూపం. పైన గుండ్రటి కన్ను లాంటి రంధ్రం, దాని చుట్టూ తగ్గుతూ పోయే చతురస్రపు గళ్లు. గోడ గూళ్లలో రోమన్ బలిపీఠాల్లా కనపడేవి నిజానికి ఇనప పొయ్యిలు. గది వెచ్చగా ఉండాలి, ఇరవయ్యో శతాబ్దం దాకా ఏ ఇంట్లోనైనా తప్పని మసి, బొగ్గు మాత్రం రోమ్ కలను చెడగొట్టకూడదు. ఆడమ్ ఈ రెండింటికీ ఒకే వస్తువుతో సమాధానం చెప్పాడు.

ఈ రెండు గదుల చుట్టూ మిగతావి అమర్చిన తీరు తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఉత్తరం వాకిలిలోంచి లోపలికొచ్చి ఎడమ చేతికి తిరిగితే తూర్పున సంగీతం గది, డ్రాయింగ్ రూమ్, లైబ్రరీ. అక్కడి నుంచి దక్షిణాన సెలూన్. ఆ తర్వాత పడమట రాచ అతిథుల పడక గది, దాని పక్క గదులు, చివరికి భోజనాల గది, మళ్లీ హాలు. గుడిలో ప్రదక్షిణ చేసినట్టు కుడివైపు తిరుగుతూ మొదలుపెట్టిన చోటికే వస్తారు. తూర్పు గదులు కళలకు, పడమటి గదులు ఆతిథ్యానికి. కుర్చీలు గోడల వెంబడి పెట్టింది కూడా నడిచేవాళ్లకు మధ్యలో దారి ఉండాలనే.

డ్రాయింగ్ రూమ్‌లో జాన్ లినెల్ చేసిన సోఫాల దగ్గర కాసేపు ఆగాలి. బంగారు పూత పూసిన జలకన్యలు, జలపురుషులు ఆ సోఫాల బరువు మోస్తున్నట్టు చెక్కి ఉంటారు. రాచ పడక మంచానికి నాలుగు కోళ్లూ తాటిజాతి చెట్లు. వేళ్లు, మాను, పైన ఆకులు దాకా చెక్కారు. రాత్రి నిద్ర కన్నా పగటి చూపుకే ఎక్కువ పనికొచ్చిన మంచం అది.

కుటుంబం అసలు ఉండేది తూర్పు వైపు చిన్న భవనంలో. వంటశాల పడమటి భవనంలో. అక్కడి నుంచి వండినవి వంపు నడవా గుండా భోజనాల గదికి మోసుకురావాలి. వంట వాసన, పొగ, మంటల భయం పెద్ద భవనానికి దూరంగా ఉండాలని చేసిన ఏర్పాటిది. దాని భారమంతా నౌకర్ల కాళ్ల మీద పడింది. వంటశాల గోడ మీద వృథా చేయకు, కొరత రాదు అనే మాట చెక్కి ఉంది. ఇంత ఆడంబరం మధ్య ఆ పొదుపు పాఠం పనివాళ్ల గదిలోనే ఉండటం గమనించాల్సిన విషయం.

దక్షిణం ముఖం ఉత్తరానికి పూర్తిగా భిన్నం. రోమ్‌లోని కాన్‌స్టంటైన్ విజయ తోరణాన్ని ఇంటి గోడకు అతికించి, దాని వెనక గుమ్మటం లేపాడు ఆడమ్. కట్టడంలో ముందుకు రావడం, వెనక్కి తగ్గడం, ఎత్తు పల్లాలు ఉంటే కొండా లోయా ఉన్న ప్రకృతి దృశ్యంలా కదలిక కనపడుతుందని అతని సిద్ధాంతం. 1773లో దాన్ని వివరిస్తూ కెడిల్‌స్టన్ దక్షిణ ముఖాన్నే ఉదాహరణగా చూపాడు. ఇటువైపు రెండు భవనాలు కట్టకపోవడం వల్ల ఆ గోడ కాస్త బోడిగా ఉంటుంది. అయినా ఆడమ్ సొంత గొంతు వినపడేది ఈ వైపే.

వచ్చినవాళ్లందరికీ ఇల్లు నచ్చిందనుకోవద్దు. 1777లో ఇంగ్లిష్ నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్, తన జీవిత చరిత్ర రాసిన మిత్రుడు బాస్‌వెల్‌తో కలిసి వచ్చాడు. చక్కగా ముస్తాబై, మాట మాట విడమరిచి పలికే పెద్దావిడ ఒకామె ఇల్లంతా తిప్పి చూపించింది. ఆమె హౌస్‌కీపర్ మిసెస్ గార్నెట్. చేతిలో కేటలాగ్ పట్టుకున్న ఆమె చిత్రం ఇప్పటికీ ఆ ఇంట్లో ఉంది. దొరల పక్కన పనిమనిషికి చిత్రపటం దక్కడం ఆ రోజుల్లో అరుదు. జాన్సన్ మాత్రం ఇది టౌన్ హాల్‌గా బాగా పనికొస్తుందన్నాడు. స్తంభాల గది జడ్జీలకు, గుండ్రటి గది జ్యూరీకి, పై గది ఖైదీలకు సరిపోతుందట. ఇంత సంపద ఉన్నవాడు సుఖంగా ఉండి తీరాలని బాస్‌వెల్ అంటే, ఇదంతా ఒక్క పేదరికమనే కష్టాన్ని మాత్రమే దూరం పెట్టగలదని బదులిచ్చాడు. ఇల్లుగా కెడిల్‌స్టన్ ఓడిపోయిందన్న ఆయన తీర్పు నిజమే. ప్రదర్శనగా మాత్రం ఆయన్నే అక్కడికి రప్పించుకుంది.

ఈనాటి సందర్శకులు ఎక్కువగా చెప్పే ఫిర్యాదు గదుల్లో చీకటి గురించి. తెరలు సగం దించి ఉంటాయి, ఫోటో సరిగ్గా రాదు. పట్టు గుడ్డకు, నీటిరంగు బొమ్మలకు వెలుతురు నెమ్మదిగా చేసే హాని తిరిగి సరిదిద్దలేనిది. ఈ రోజు పడిన వెలుతురు నిన్నటి దానికి కలుస్తుంది, దారం పెళుసవుతుంది, రంగు పోతుంది. అందుకే అలాంటి వస్తువుల మీద వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దగ్గర ఉంచాలని మ్యూజియంల్లో పాటించే ప్రమాణం. కళ్లు ఆ వెలుతురుకు అలవాటు పడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఫోన్ జేబులో పెట్టి గది మధ్యలో ఊరికే నిలబడితే నీలం పట్టు, బంగారు పూత వాటంతట అవే తేరుకుని కనపడతాయి.

ఈ ఇళ్లు జనం ఆస్తి ఎలా అయ్యాయన్నది వేరే కథ. 1870ల నుంచి అమెరికా గోధుమలు చవగ్గా దిగి ఇంగ్లండ్‌లో కౌలు ఆదాయం పడిపోయింది. 1894లో వచ్చిన మరణ పన్ను, తర్వాత రెండు ప్రపంచ యుద్ధాలు మిగతా దెబ్బ కొట్టాయి. ఇరవయ్యో శతాబ్దంలో వెయ్యికి పైగా ఇలాంటి భవనాలు నేలమట్టమయ్యాయి. చారిత్రక స్థలాలను కాపాడటానికి 1895లో పుట్టిన నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ, 1937 చట్టం తర్వాత ఇలాంటి ఇళ్లను పెద్ద ఎత్తున స్వీకరించడం మొదలుపెట్టింది. కెడిల్‌స్టన్ 1987లో చేరింది. కుటుంబం ఒక భాగంలో ఉండే హక్కు నిలుపుకుంది.

భారతీయులకు ఈ ఇల్లు చూడకముందే కొంత తెలుసు. 1799 నుంచి 1803 వరకు గవర్నర్ జనరల్ వెల్లెస్లీ కలకత్తాలో కట్టించిన గవర్నమెంట్ హౌస్, అంటే 2025 దాకా రాజ్‌భవన్ అని పిలిచిన భవనం, కెడిల్‌స్టన్ నమూనాలోనే లేచింది. దాన్ని గీసిన చార్లెస్ వయట్ బంధువు శామ్యూల్ వయట్ ఆడమ్ కింద కెడిల్‌స్టన్ పనులు చూసినవాడు. డార్బీషైర్‌లో రెండు దగ్గర ఆగిపోయిన మూల భవనాలు కలకత్తాలో నాలుగూ వచ్చాయి. ఆ ఉక్కపోతలో నాలుగు వైపుల నుంచీ గాలి ఆడటానికి ఆ ప్లాన్ పనికొచ్చింది కూడా. అదే ఒరవడిలో హైదరాబాద్ కోఠిలో నిజాం దగ్గర బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ లేచింది. మహిళా కళాశాలగా తరతరాల అమ్మాయిలు చదువుకున్న ఆ ఆరు స్తంభాల ముఖం కెడిల్‌స్టన్ ఉత్తర ముఖానికి దగ్గర చుట్టం.

ఈ ఇంట్లోనే 1859లో పుట్టిన జార్జ్ నథానియల్ కర్జన్ 1899లో వైస్రాయ్‌గా వెళ్లి, తన ఇంటి నకలులోనే కాపురం పెట్టాడు. 1902లో హైదరాబాద్ వచ్చి, ఏడాదికి 25 లక్షల రూపాయలకు నిజాం ప్రాంతమైన బేరార్‌ను శాశ్వత కౌలుకు ఇచ్చేలా నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ను ఒప్పించింది ఆయనే. 1905లో బెంగాల్‌ను విడదీసిందీ ఆయనే. దాని సెగ 1907లో బిపిన్ చంద్ర పాల్ పర్యటనతో రాజమండ్రి, కాకినాడ, బందరు దాకా వందేమాతరం ఉద్యమమై పాకింది.

ఆయన ఆసియాలో సేకరించిన వస్తువులు ఇంటి కింది అంతస్తులో ఈస్టర్న్ మ్యూజియంలో ఉన్నాయి. అన్నిటికన్నా జనం ఆగేది 1903 ఢిల్లీ దర్బారులో ఆయన భార్య మేరీ వేసుకున్న నెమలి గౌను దగ్గర. బట్ట మీద పని ఢిల్లీ, ఆగ్రా పనివాళ్లది. మన దగ్గర మగ్గం వర్క్ అని పిలుచుకునే జరదోజీ కోవకే చెందింది. గౌనుగా కుట్టింది పారిస్‌లోని వర్త్ సంస్థ. ప్రతి నెమలి కన్ను మధ్యలో ఒక్కో పచ్చటి పురుగు రెక్క. లోహపు జరీ కాలంతో మసకబారింది, రెక్కల మెరుపు మాత్రం అలాగే ఉంది. 2020లో నేషనల్ ట్రస్ట్ వలస పాలన, బానిసత్వంతో సంబంధమున్న తన 93 స్థలాల మీద నివేదిక ఇచ్చినప్పుడు అక్కడ పెద్ద గొడవే జరిగింది. కెడిల్‌స్టన్ అందులో ఉంది. అలా చెప్పడం ఇంటి గౌరవాన్ని తగ్గించదు. ఆ గౌను ఎవరి చేతి పనో చెప్పకుండా ఎవరు తొడుక్కున్నారో మాత్రమే చెప్పడం సగం లేబుల్ అవుతుంది.

ఇదే కర్జన్ 1904లో భారతదేశంలో ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం తెచ్చాడు. ఇంగ్లండ్ తిరిగొచ్చాక, 1911లో టాటర్‌షల్ కోటలోని మధ్యయుగపు రాతి నెగడు చట్రాలను పీకి అమెరికాకు అమ్మే ప్రయత్నం జరిగితే, కోటను కొని వాటిని వెనక్కి తెప్పించాడు. 1913లో బ్రిటన్ పురాతన కట్టడాల చట్టాన్ని బలపరచుకున్నప్పుడు దాని వెనక గట్టిగా నిలబడ్డాడు. 1925లో చనిపోతూ టాటర్‌షల్‌ను, బోడియం కోటను నేషనల్ ట్రస్ట్‌కు రాసిచ్చాడు. తాను పుట్టిన కెడిల్‌స్టన్ అదే ట్రస్ట్ చేతికి రావడానికి ఆ తర్వాత మరో 62 ఏళ్లు పట్టింది.